త్రిమూర్తులు మేష్టారి రహదారేతర వాహనం

మనిషి చెప్పులు కాళ్ళకి ఉండాలి, లేదా గుమ్మంలో ఉండాలి. చేతిలో ఉండకూడదు. కానీ ఆషాఢం వచ్చిందంటే త్రిమూర్తులు మేష్టారి చెప్పులు చేతిలోకి వచ్చేసేవి. ఆయనకి ఊరి శివార్లో ఎకరంన్నర చేను ఉంది. చేనుకి దారీ ఉంది. చేను తడిస్తే మంచిదే, దారి తడిస్తేనే చిక్కు. తారు రోడ్డు దిగాక అరకిలోమీటరు పుంత, అంటే ఒకప్పుడు ఎడ్లబళ్ళు వెళ్ళిన మట్టిదారి. వాన పడితే ఆ పుంతలో కుడికాలు పెడితే ఎడమకాలు రాదు. ఎడమకాలు పీకితే చెప్పు రాదు. అందుకని హైస్కూల్లో ముప్పయ్యేళ్ళుగా సోషలు చెబుతున్న పెద్దమనిషి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెరో చేత్తో చెరో చెప్పు పట్టుకుని నడిచేవారు. చేలల్లో పాత శిష్యులు నాట్లు ఆపి దణ్ణం పెడితే, తిరిగి పెట్టడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. ఒకసారి అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తేశారు.

"మేష్టారు చెప్పుల్తోటి దణ్ణం పెట్టేరండోయ్" అని ఊళ్ళో ఏడాది పాటు చెప్పుకున్నారు.

ఆ మాట పడలేక కారు కొన్నారు.

ఏడుగురు కూర్చునే పెద్ద కారు. ఇంట్లో ఉన్నది మేష్టారూ, భార్య కనకరత్నం గారూ ఇద్దరే. మిగతా ఐదు సీట్లూ గౌరవానికి. కారు ఇంటికొచ్చిన రోజే తీసుకెళ్ళి అక్కగారు మంగతాయారుకి చూపించారు. బావగారు పోయి అప్పటికి మూడు నెలలు. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుందిరా తమ్ముడూ" అని కొంగు కళ్ళకి అద్దుకుంది. 

"అక్కా, మన హారతి పెళ్ళికి పిల్లని ఈ కార్లో కూర్చోబెట్టి, నేనే తోలుకొచ్చి కల్యాణమండపంలో దింపుతాను. బావ లేడని నువ్వు అనుకోకు" అన్నారు.

ఓదార్పు కోసం అన్న మాటలు సాధారణంగా కాఫీ తాగేలోగా అందరూ మర్చిపోతారు. మంగతాయారు మర్చిపోయే మనిషి కాదు. ఆవిడ ఆ మాటని దేవుడి పటాల దగ్గర పెట్టుకుంది.

కారు గొప్పదే. పుంతకి ఆ సంగతి తెలీదు. మొదటి వానకే చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. పక్క చేలో నాట్లకి దమ్ము చేస్తున్న సత్తిబాబు ట్రాక్టరు తెచ్చి లాగాడు. రెండోసారీ లాగాడు. మూడోసారి తాడు కడుతూ అడిగాడు:

"మేష్టారూ, ఈ కారు కొన్నప్పుడు తాడు కూడా ఇచ్చేరాండి, విడిగా కొనుక్కోవాలాండి?"

ఆ రాత్రి నుంచి మేష్టారు ఫోన్లో వీడియోలు చూడ్డం మొదలెట్టారు. కొండలెక్కే కార్లు, ఎడారులు దాటే కార్లు, ఏళ్ళలో మునిగి అవతల తేలే కార్లు. నలభై వీడియోలయ్యాక, తనకీ ఎడారికీ మధ్య అడ్డంగా ఉన్నది మెకానిక్కు దావూద్ ఒక్కడేనని ఆయనకి అర్థమైంది.

దావూద్ నిజాయితీ గల మనిషి. "ఆ అరకిలోమీటరుకి టైర్లు మార్చండి చాలు మేష్టారూ. లోతు గాళ్ళున్న బురద టైర్లు. పుంతలో దిగేముందు కాస్త గాలి తగ్గించండి, పైకొచ్చేక మళ్ళీ కొట్టుకోండి. మిగతాదంతా సోకండి" అన్నాడు.

మేష్టారు టైర్లు వేయించారు. సోకు కూడా వేయించారు. స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టించి కారుని రెండంగుళాలు లేపారు. ఇంజను కింద ఇనపరేకు బిగించారు. నీళ్ళలో మునిగినా ఇంజనుకి గాలి ఆడాలని బానెట్టు పక్కనుంచి పైకప్పు దాకా ఏనుగు తొండంలాంటి గొట్టం పెట్టించారు. ముందు భాగంలో, దిగబడితే తనని తానే లాక్కోవడానికి ఇనపతాడు చుట్టే మర ఒకటి. అన్నీ అయ్యాక కనకరత్నం గారు ఎక్కబోయి, కాలు అందక, వంటింట్లోంచి కత్తిపీట పక్కన ఉండే పొట్టిపీట తెచ్చుకున్నారు.

"ఇది కారాండీ, జొన్నచేలో మంచెనాండీ?" అన్నారు పీటెక్కుతూ.

కానీ బండి పని చేసింది. పుంతలో దున్నపోతులా నడిచి వెళ్ళింది. సత్తిబాబు ట్రాక్టరు ఆపి చూశాడు. తాడు చుట్టేసుకున్నాడు. మేష్టారు శుభ్రమైన చెప్పులతో చేలో దిగి, రెండు చేతులూ జోడించి శిష్యులందరికీ దణ్ణాలు పెట్టారు. ఆ సుఖం పదకొండు రోజులు ఉంది.

పన్నెండో రోజున పేపర్లో ప్రకటన వచ్చింది. బళ్ళకి జనం ఇష్టమొచ్చిన కొమ్ములూ తోకలూ తగిలిస్తున్నారని పెద్దలకి తెలిసి, దాని కోసం కొత్తగా వాహన పరివర్తన పర్యవేక్షణ మండలి అని ఒకటి పెట్టారట. సొంత వాహనంలో ఏ మార్పు చేయించినా ముప్పై రోజుల్లో పదిహేడు-బ ఫారంలో ప్రకటించుకోవాలి. లేకపోతే బండి జప్తు.

మండలి ఉపశాఖ ఎదురుగా, గొడుగు కింద మడతబల్ల వేసుకుని ఏజెంటు పేరయ్య ఉంటాడు. మనకో పద్ధతుంది. ఏ ఆఫీసు కాయితం మీదైనా ముందు మనం సంతకం పెడతాం, తరవాత ఏజెంటు నింపుతాడు, చదవడం అనేది ఎవరూ చెయ్యరు. "ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయండర్రా" అని ముప్పయ్యేళ్ళు పిల్లల్ని చావగొట్టిన మేష్టారు కూడా, పేరయ్య వేలు పెట్టిన ఐదు చోట్లా ఐదు సంతకాలు పెట్టి, వంకాయలు కొనుక్కుని ఇంటికొచ్చేశారు.

పేరయ్య ఫారం నింపాడు. తొమ్మిదో గడిలో, "సదరు మార్పులు వాహనమును రహదారిపై నడుపుటకు ఉద్దేశించినవా?" అని ఉంది. పక్కన అవును, కాదు అని రెండు చతురస్రాలు. 'అవును' అంటే ఇంకో పద్నాలుగు పేజీలు జతచెయ్యాలి. 'కాదు' అంటే అక్కడితో సరి. పేరయ్య ఇరవయ్యేళ్ళ అనుభవంతో 'కాదు' మీద టిక్కు పెట్టాడు.

మూడు వారాలకి పోస్టులో కార్డు వచ్చింది. దాని మీద మేష్టారి ఫొటో, బండి నంబరు, కింద ఎర్రక్షరాలతో: "తరగతి: రహదారేతర వాహనం. సదరు వాహనపు చక్రములు ఏ రహదారినీ తాకరాదు."

కనకరత్నం గారు కార్డు రెండువైపులా తిప్పి చూశారు. "రోడ్డు మీదకి వెళ్ళకపోతే ఇంక ఎక్కడికెళ్ళాలండీ ఇది?"

"చేలోకి వెళ్ళచ్చు."

"చేలోకి వెళ్ళాలంటే రోడ్డు మీంచే కదండీ వెళ్ళాలి?"

మేష్టారు కార్డు జేబులో పెట్టుకుని, స్కూటరు మీద మండలి ఉపశాఖకి వెళ్ళారు.

ఉపశాఖ పర్యవేక్షణాధికారి వైకుంఠం గారు. సన్నగా, ఇస్త్రీగా ఉంటారు. ఆయన మాట్లాడుతుంటే పక్కనే ఎవరో టైపు కొడుతున్నట్టు ఉంటుంది.

"ఆసీనులు కండి. తమ అభ్యర్థన?"

"చిన్న పొరపాటండి. తొమ్మిదో గడిలో 'కాదు' అని పడిపోయిందండి."

"పడిపోలేదు. వేయబడింది. దిగువ సంతకం తమదేనా?"

"నాదేనండి. కానీ చదవలేదండి."

"చదవకుండా సంతకం చేయుట నేరం కాదు. కనుక తమరికి భయం లేదు. సంతకం చెల్లును, కనుక మాకూ సందేహం లేదు."

"పోనీ, ఆ టైర్లూ గొట్టం అన్నీ పీకించేస్తానండి. మామూలు కారు చేసేస్తాను."

"పీకించుట కూడా మార్పే. దానికి విడిగా పదిహేడు-బ సమర్పించి, వాహనాన్ని ఈ ప్రాంగణంలో ప్రత్యక్షంగా హాజరుపరచవలెను."

"రేపే తీసుకొస్తానండి."

"తప్పక తీసుకురండి. రహదారిని తాకకుండా."

మేష్టారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఈ ఆఫీసుకి నాలుగు పక్కలా రోడ్డేనండి."

"ప్రజల సౌకర్యార్థం" అన్నారు వైకుంఠం గారు.

 "లారీ మీద ఎక్కించి తెస్తేనోండి?"

"లారీ దేని మీద ఉంటుంది?"

"రోడ్డు మీదండి."

"తమ వాహనం దేని మీద ఉంటుంది?"

"లారీ మీదండి."

"కనుక తమ వాహనం దేని మీద ఉన్నట్టు?"

ముప్పయ్యేళ్ళలో మేష్టారు ఎందరినో ఇలాగే నిలబెట్టి అడిగారు. అటుపక్కన నిలబడితే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. చివరి ప్రయత్నంగా, "తమరే మా ఇంటికొచ్చి చూడండి" అన్నారు. వైకుంఠం గారు నిట్టూర్చారు.

"నాకూ రావాలనే ఉంది. కానీ రహదారేతర వాహనాన్ని పుంతలోనే పరిశీలించవలెను, అందుకు మా జీపు పుంతలో దిగాలి. దిగాలంటే దానికి టైర్లు మార్పించాలి. మార్పిస్తే అది కూడా రహదారేతరం అయిపోతుంది. మరి నేను తిరిగి ఆఫీసుకి ఎలా రాను?"

ఇందులో న్యాయం ఉందని మేష్టారికి కూడా అనిపించింది. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

మేష్టారి ఇల్లు ముందువైపు రోడ్డు మీదకి ఉంటుంది. పెరటివైపు చేలు. ఆ వారంలో పెరటి గోడ ఎనిమిదడుగుల మేర పడగొట్టించారు. పుంతలు మండలి వారి రహదారుల జాబితాలో లేవు కాబట్టి పుంతల మీద తిరగచ్చు. కాకపోతే ఏ పుంతైనా ఎక్కడో ఒకచోట తారు రోడ్డుకి తగిలి ఆగుతుంది. లెక్క చూసుకుంటే, నాలుగు తారు రోడ్ల మధ్య ఉన్న రెండు చదరపు కిలోమీటర్ల చేలు మేష్టారి రాజ్యం. అందులో ఆయన చేనుంది, స్కూలు వెనకవైపుంది, అక్కగారి పెరడుంది. ప్రపంచంలో మిగతావన్నీ రోడ్డుకి అవతల ఉన్నాయి.

మేష్టారు ఆ రాజ్యంలోనే కారు తోలడం మొదలెట్టారు. స్కూలుకి వెనక ప్రహరీ వైపు నుంచి వెళ్ళేవారు. తెలిసినవాళ్ళ ఇళ్ళకి పెరటి గుమ్మంలోంచి వెళ్ళేవారు. ముందువైపు నుంచి చూసిన ఊరు ఒకటి, పెరటివైపు నుంచి చూసిన ఊరు ఇంకొకటి అని ఆయనకి అప్పుడే తెలిసింది. బీడీ మానేశానని పెళ్ళాం మీద ఒట్టేసిన హెడ్మాష్టరు గారు నూతిచప్టా వెనక నక్కి కాలుస్తున్నారు. ఊరందరికీ తీపి మానెయ్యమని చీటీలు రాసే డాక్టరు గారు దొడ్లో నిలబడి బొబ్బట్లు తింటున్నారు. కారు గొట్టం జామచెట్ల మీంచి కనబడగానే దొడ్లన్నీ హడావిడిగా సర్దుకునేవి. రెండు వారాలకి ఊరి పెరళ్ళన్నీ చీపురు పెట్టి, ముగ్గులేసుకుని పద్ధతిగా తయారయ్యాయి. ముందు గుమ్మాలు ఎలా ఉన్నా ఎవరికీ పట్టలేదు.

ప్రతి సోమవారం మండలి నుంచి నూకరాజు అనే బంట్రోతు సైకిలేసుకుని వచ్చేవాడు. చిన్న చాకుతో టైర్ల గాళ్ళలోంచి బురద గీకి, అరచేతిలో వేసుకుని వాసన చూసేవాడు. తారు వాసన రాకూడదు. మొదటి సోమవారం రాలేదు. రెండో సోమవారం నూకరాజు మొహం చిట్లించాడు.

"తారు లేదండి మేష్టారూ. కానీ బురద ఎండిపోయిందండి."

"వాన పడలేదయ్యా మరి."

"ఎండిపోతే అనుమానాస్పదం అని రాయమన్నారండి. తడిగా ఉంటే సంతృప్తికరం అని రాస్తానండి. నాదేవుందండి, మీరెలా చెబితే అలాగే."

అప్పటి నుంచి కనకరత్నం గారు ఆదివారం సాయంత్రం కరివేపాకు మొక్కకి నీళ్ళు పోశాక, మిగిలిన బక్కెట్టు నాలుగు టైర్లకీ పోసేవారు.

ఇదంతా కొన్నాళ్ళకి అలవాటైపోయేదే. ముప్పయ్యేళ్ళు సర్కారు బళ్ళో పని చేసిన మనిషి దేనికైనా అలవాటు పడతాడు. కానీ శ్రావణంలో హారతికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం ఉదయం పది గంటలా నలభై రెండు నిమిషాలకి. కల్యాణమండపం ఎక్కడో దూరం కాదు, అక్కగారి పెరటి వెనక పుంత తిన్నగా వెళ్ళి ఆగే చోట. ఆగాక, రోడ్డుకి అవతలి పక్క.

మేష్టారు అక్కగారి దగ్గరికి వెళ్ళి మెల్లిగా కదిపారు. "అక్కా, పెళ్ళికూతురికి మంచి కారు మాట్లాడతానే. పువ్వులు గట్రా కట్టి..."

మంగతాయారు అప్పడాల పిండి పిసుకుతోంది. తలెత్తలేదు.

"కార్లు లేక అడిగేనేంట్రా నిన్ను? పెళ్ళివారివి ఆరు కార్లున్నాయి. బావ లేడని అనుకోకు అని మాటిచ్చింది ఎవడు?"

"నేనేగానీ, అప్పుడు రోడ్డు మీద తిరిగేదే అది..."

"నాకీ రోడ్లూ అవీ తెలీవు. తండ్రి లేని పిల్లని మేనమామ తెస్తాడని వియ్యపురాలితో చెప్పుకున్నాను. తెస్తావా, తేవా?"

"తెస్తానక్కా."

ఇరవై రెండడుగుల రోడ్డు. అది దాటడానికి అనుమతి ఇప్పించమని మేష్టారు మండలికి అర్జీ పెట్టుకున్నారు. ఈసారి తనే రాశారు. రెండుసార్లు చదివారు. పెళ్ళి శుభలేఖ జతచేశారు. దాని మూలలకి పసుపు కూడా ఉంది.

పెళ్ళికి ముందురోజు జవాబొచ్చింది. వైకుంఠం గారు శుభలేఖ చూసి కదిలిపోయారని దాన్ని బట్టి తెలుస్తోంది. "తమరి అర్జీని సానుభూతితో పరిశీలించడమైనది. సదరు రహదారేతర వాహనము సదరు రహదారిని అడ్డముగా దాటుటకు ప్రత్యేక అనుమతి మంజూరు చేయడమైనది. షరతు: దాటునప్పుడు చక్రములు రహదారిని తాకరాదు. వధూవరులకు మండలి పక్షాన శుభాశీస్సులు."

పెళ్ళిరోజు తెల్లారేసరికి మంచి వాన పడి వెలిసింది. కారుకి బంతిపూల దండలు కట్టారు. గొట్టానికి మామిడాకులు కట్టారు. హారతి పట్టుచీర కట్టుకుని, బాసికం కట్టించుకుని, పొట్టిపీట మీంచి వెనకసీట్లోకి ఎక్కింది. పక్కన కనకరత్నం గారు. మిగతావాళ్ళంతా ముందే రోడ్డున వెళ్ళి మండపం దగ్గర ఎదురుచూస్తున్నారు. డిక్కీలో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి పందిట్లోకి తీసుకెళ్ళే వెదురుగంప ఉంది. మేనమామ ఆ గంప పట్టుకోవాలి. అది ఎప్పటి నుంచో ఉన్న ఆచారం.

పుంత ఆ రోజు చెరువులా ఉంది. మేష్టారు టైర్లలో గాలి తగ్గించి దిగారు. ఇంత ఖర్చూ, ఇన్ని తిప్పలూ దేనికోసం పడ్డారో ఆ పని కారు ఆ ఉదయం చేసి చూపించింది. మోకాలి లోతు బురదలో ఎక్కడా జారలేదు, ఎక్కడా దిగబడలేదు. గట్టు మీద నిలబడ్డ సత్తిబాబు చేతిలో తాడుంది, దాన్ని అడిగే పని పడలేదు. బండి పది ముప్పై ఐదుకి రోడ్డు అంచుకి వచ్చి ఆగింది. ముందు చక్రాలకీ తారుకీ మధ్య జానెడు దూరం.

అవతల మండపం. మెట్ల మీద మేళం, పెళ్ళివారు, బావగారి ఫొటో చేతిలో పట్టుకుని మంగతాయారు. ఇవతల అంచున గొడుగేసుకుని వైకుంఠం గారు, చేతిలో కొలతటేపుతో నూకరాజు.

"నమస్కారం. అనుమతిపత్రం తెచ్చారా?" అన్నారు వైకుంఠం గారు.

"తెచ్చానండి. దాటమన్నారు కదండి."

"నిస్సందేహంగా దాటండి."

"చక్రాలు తాకకుండా ఎలాగండీ?"

"విధానం తమ ఇష్టం. మండలి ప్రజల చొరవకి అడ్డు రాదు."

అవతల నుంచి పురోహితుడు కేకేశాడు. "పిల్లని తీసుకురండీ! ఆరు నిమిషాలే ఉన్నాయి!"

సన్నాయి ఆగిపోయింది. మంగతాయారు ఫొటోని కాస్త పైకెత్తి పట్టుకుంది, బావగారికి కూడా కనబడాలన్నట్టు. మేష్టారి చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. తోలితే కారు పోతుంది. తోలకపోతే మాట పోతుంది. కారు పోతే పోయిందని ఆయన గేరు మీద చెయ్యేశారు.

"మావయ్యా" అంది హారతి వెనక నుంచి. "జప్తు చేసేస్తే నన్ను కూడా కార్లోనే పట్టుకుపోతారు. గంప తియ్యి."

"గంప పందిట్లోకి కదే."

"పందిరి అదిగో. మధ్యలో ఇరవై రెండడుగులు. దింపి మొయ్యి."

మేష్టారు దిగారు. గంప తారు అంచున గడ్డి మీద పెట్టారు. హారతి కూర్చుంది. ఆయన ఒక్కరూ ఎత్తబోతే లేవలేదు. పిల్ల పుష్టిగా పెరిగింది, ఆ ఘనత మంగతాయారుదే. ఇటుపక్క మండలి వాళ్ళు తప్ప ఇంకో మగాడు లేడు. సత్తిబాబు బురదలో పరిగెత్తుకొస్తున్నాడు కానీ దూరంలో ఉన్నాడు.

కనకరత్నం గారు కొంగు నడుముకి దోపుకున్నారు. "ఊఁ, అటు పట్టండి."

"నువ్వా?"

"మేనమామ పెళ్ళాన్ని కానా ఏంటి? పట్టండి అంటుంటే!"

ఇద్దరూ గంప ఎత్తారు. మొదటి అడుగు తారు మీద పడగానే మేళగాడు ఏమనుకున్నాడో, గట్టిమేళం అందుకున్నాడు. అటు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఆగింది. బస్సులోని వాళ్ళు కిటికీల్లోంచి అక్షింతలు దొరక్క చేతికందిన పల్లీలు వేశారు. మధ్యలో ఒకసారి కనకరత్నం గారు "ఆగండి, గాజు గుచ్చుకుంటోంది" అంటే ఆగారు. ఇరవై రెండడుగులూ దాటి, మెట్లెక్కి, పది నలభై ఒకటికి గంప పందిట్లో దింపారు.

మంగతాయారు తమ్ముడి బురద కాళ్ళు పెళ్ళికి కట్టుకున్న కొత్తచీర కొంగుతో తుడిచింది. "తెచ్చేవురా" అంది. అంతే అంది.

రోడ్డుకి ఇవతల వైకుంఠం గారు ఒక చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు.

పెళ్ళయిన తొమ్మిదో రోజున నోటీసు వచ్చింది. దాంట్లో కారు మీద ఒక్క అభియోగం లేదు. కారు షరతుని అక్షరాలా పాటించిందని మెచ్చుకున్నారు కూడా. నోటీసు మేష్టారి మీద: "తమరు ఫలానా తేదీన, ఇరవై రెండు అడుగుల రహదారిపై, ఒక ప్రయాణికురాలిని, ఎట్టి రిజిస్ట్రేషనూ లేకుండా రవాణా చేసితిరి."

విచారణకి ఇద్దరూ వెళ్ళారు. వైకుంఠం గారి బల్ల మీద కొత్త దస్త్రం ఉంది. అట్ట మీద మేష్టారి పేరు, దాని కింద 'వాహన వివరములు' అని ఉంది.

"మేం మనుషులం కదండీ" అన్నారు మేష్టారు.

"మండలి అందుకు అభ్యంతరం చెప్పడం లేదు. కానీ ప్రయాణికురాలు ఉన్నది. ఆసనం, అనగా గంప, ఉన్నది. రహదారిపై ముందుకు కదలిక ఉన్నది. మధ్యలో ఒకచోట ఆగి బయలుదేరుట కూడా ఉన్నది. ఇంక వాహనానికి ఏం కావాలి?"

"చక్రాలు కావాలి కదండీ!"

"కాళ్ళున్న వాహనాలు శాస్త్రసమ్మతం. గుర్రబ్బండికి ముందుభాగం ఏమిటి? తమరిది రెండు కాళ్ళ వాహనమా, నాలుగు కాళ్ళదా అన్నదే ఇక్కడ సమస్య. ఇద్దరూ కలిసి మోశారు గనుక నాలుగు కాళ్ళ తేలికపాటి వాహనంగా నమోదు చేస్తున్నాం. వారు ఎడమ భాగం." ఆయన పెన్నుతో కనకరత్నం గారిని చూపించారు. "ఇంధనం?"

"పొద్దున్న ఉప్మా తిన్నారండి" అంది ఎడమ భాగం. "నాకో సందేహమండి. మా ఆయన బండైతే, పాతికేళ్ళుగా తోల్తున్నది నేనే కదండి. మరి నాకు లైసెన్సు ఉన్నట్టా, లేనట్టా?"

వైకుంఠం గారు ఆ ప్రశ్నని గౌరవంగా రాసుకున్నారు. పై అధికారులకి పంపుతామన్నారు.

ఇప్పటి పరిస్థితి ఇదీ. గురువారం పదకొండింటికి హైస్కూలు మైదానంలో ఈ దంపతులకి సామర్థ్య పరీక్ష. ఇంటినుంచి మైదానానికి పుంతే కాబట్టి వెళ్ళడానికి ఇబ్బంది లేదు. ఆయన పాఠం చెప్పే పిల్లలంతా చూస్తారు, అదొక్కటే. పరీక్ష నెగ్గే దాకా ఇద్దరూ రోడ్డు మీద కాలు పెట్టకూడదు. శుక్రవారం హారతికి పదహార్రోజుల పండగ, అత్తారింట్లో. "మావయ్యా, నువ్వూ అత్తయ్యా వచ్చి చీర పెట్టకపోతే నేను పీటల మీద కూర్చోను" అని ఆ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. అత్తారిల్లు రోడ్డుకి అవతల.

మైదానంలో గెలవాలంటే ముందు కాయితం మీద గెలవాలి. పరీక్షకి ఒక ఫారం నింపి పట్టుకెళ్ళాలి. పేరయ్య నింపుతానని వచ్చాడు, కనకరత్నం గారు గుమ్మంలోనే ఆపేశారు. మేష్టారు తనే కళ్ళజోడు పెట్టుకుని నింపుతూ ఒకచోట ఆగిపోయారు. "తయారైన నాటి నుండి వాహనములో ఏమైనా భాగములు మార్పించితిరా?" అని ఉంది. ఆయనకి పై వరసలో రెండు పళ్ళు కట్టించినవి. ఆవిడకి కుడికంట్లో శుక్లం తీసి కొత్త అద్దం వేశారు. రాస్తే ఏ తరగతి తగిలిస్తారో తెలీదు. రాయకపోతే, మైదానంలో నూకరాజు చాకుతో వచ్చి నోరు తెరవమంటే ఏమవుతుందో అదీ తెలీదు.

ఇలాంటి ఆఫీసులతో తిరిగి తిరిగి నలిగిన అనుభవజ్ఞులు మన పాఠకుల్లో బోలెడుమంది ఉంటారు. బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది, మేష్టారు ఆ రెండు పళ్ళూ రాయాలా, తీసి జేబులో వేసుకుని వెళ్ళాలా? కంటి అద్దం మార్పు కిందకి వస్తుందా, మరమ్మత్తు కిందకి వస్తుందా? ఇవాళ మంగళవారం. రేపు సాయంత్రం ఐదు లోపల ఎవరైనా చెబితే చాలు. కనకరత్నం గారు జుట్టుకి రంగేస్తారా లేదా అన్న సంగతి మాత్రం దయచేసి ఎవరూ ఎత్తకండి. ఆవిడ ఈ కథ చదువుతారు.